పిస్టను పంపు: ఇచ్చు సామర్థ్యము, పుచ్చుకొను సామర్థ్యము



జంషెడ్‌పూరు సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమమున వెలసిన ఉక్కు నగరము. 1907లో స్థాపితమైన టాటా సంస్థ ఇచట 1912లో ఉక్కును తీసెను. ఉత్తరాంధ్రము నుండి వచ్చిన తెలుగు కుటుంబములెన్నో ఈ నగరమున స్థిరపడినవి. ఉక్కు కర్మాగారములందు రోళ్ళ నడిమి ఎడమును సవరించుటకును, పెనుభారముల నెత్తుటకును ఒత్తిడితో నడచు నూనె ఆధారము. 1980ల దశకమున టెల్కో సంస్థ హిటాచీ సహకారముతో ఇచట నిర్మింపసాగిన ఎక్స్‌కవేటర్లకును ఆ నూనెయే బలము. దానిని త్రోయునది పిస్టను పంపు.

ఈ పంపు లెక్క తెలుగు పల్లెల ఏతమునందే కలదు. బొక్కెన ఎంత పట్టును, నుయ్యి ఎంత లోతు, గంటకు ఎన్నిమారులు తోడిరి అను మూడును తెలిసినచో జరిగిన పని తెలియును. పంపునందు బొక్కెనకు బదులు పిస్టను, లోతునకు బదులు ఒత్తిడి, తోడుటకు బదులు చుట్లు.

20 మి.మీ. వ్యాసము గల 9 పిస్టనులు ఒక్కొక్కటి 35 మి.మీ. కదలునని యనుకొందము. చుట్టునకు సుమారు 99 ఘన సెంటీమీటర్ల నూనె వెడలును. నిమిషమునకు 1500 చుట్లైనచో 148 లీటర్లు. కాని చిల్లు బొక్కెనవలె పంపును సందులగుండ కొంత కార్చును. నూటికి 95 పాళ్ళు దక్కినచో 141 లీటర్లు. దీనిని 300 బార్ల ఒత్తిడిచే గుణించి, కిలోవాట్లకు మార్చు అంకెయైన 600చే భాగించినచో 70.5 కిలోవాట్లు వచ్చును. ఇది పంపు ఇచ్చు సామర్థ్యము.

ఇచట ఆగరాదు. కారుటకును, రాపిడికిని పోగా మొత్తము దక్షత నూటికి 88 అయినచో, మోటారు ఇరుసునకు అందింపవలసినది 80 కిలోవాట్లు. 70.5 మాత్రమే చూచి 75 కిలోవాట్ల మోటారు కొన్నచో నిండు భారమున అది వేడెక్కును. తరువాతి పరిమాణమైన 90 కావలయును. తేడాయైన 9 కిలోవాట్ల పైచిలుకు మాయము కాదు; వేడియై నూనెలో చేరును. నూనె కాగి పలుచబడిన కొలది కారుట హెచ్చును. కారుట హెచ్చిన కొలది వేడి హెచ్చును. కావున నూనెను చల్లార్చు ఏర్పాటు సైతము ఆ తేడాను చూచియే నిర్ణయింపవలెను.

కొనుగోలు కాగితములు పరిశీలించు ఉద్యోగులకు ఇందొక సూచన కలదు. “పంపు సామర్థ్యము” అని ఒక్క అంకెయే వ్రాసియున్నచో, అది ఇచ్చునదా, పుచ్చుకొనునదా, ఏ ఒత్తిడి యొద్ద, ఎన్ని చుట్ల యొద్ద అని అడుగవలెను. జమ మాత్రమే చూపి ఖర్చు చూపని పద్దుపై ఏ అధికారియు సంతకము చేయడు గదా!