ఓడ అడుగున చేరే నూనె నీరు



ఆవడి నుండి సముద్రం కనబడదు గాని, ఎన్నూరు మనకు దూరం కాదు. 2017 జనవరి 28న అక్కడి కామరాజర్ రేవు చేరువలో రెండు ఓడలు ఢీకొనగా, తీరానికి కొట్టుకువచ్చిన నల్లని చమురును జనం బకెట్లతో తోడవలసి వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల వేళ ఎన్నూరు ఉప్పుటేరులో చమురు తెట్టె కట్టి జాలరుల పడవలను, వలలను పాడుచేసింది. అవి ఆపత్కాలపు సంగతులు. ఏ ఆపదా లేకున్నా ప్రతి ఓడలోనూ దినదినమూ కొంత నూనె నీరు పోగవుతూనే ఉంటుంది.

ఇంజను గదిలో పంపుల నుండి, గొట్టాల అతుకుల నుండి కారే నీరు, ఇంధనం, కందెన నూనె అట్టడుగు పల్లానికి చేరుతాయి. ఆ పల్లమే బిల్జి. తోడకుంటే ఓడకు చేటు. ఉన్నదున్నట్టు పారబోస్తే సముద్రానికి చేటు. అందుకే సెపరేటర్ అనే యంత్రం. నూనె నీటికన్న తేలిక. నీరు పలకల నడుమ మెల్లగా సాగుతుండగా సూక్ష్మమైన నూనె బొట్లు వాటికి అంటి, ఒకదానితో నొకటి కలసి, పెద్దవై పైకి తేలుతాయి. ఆ నూనె వేరే ట్యాంకుకు పోతుంది. మిగిలిన నీరు వడపోత దాటి మీటరు వద్దకు వస్తుంది. మార్పోల్ అనే అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం అందులో నూనె పది లక్షల పాళ్లకు 15 పాళ్లు మించరాదు. అనగా మేడమీది వెయ్యి లీటర్ల ట్యాంకులో మూడు టీ చెంచాలు! మించితే పెద్ద ఓడలలో అలారం మ్రోగి, నీరు సముద్రంలోకి పోకుండా ఆగిపోతుంది.

ఈ యంత్రానికి శత్రువు సబ్బు. ఇంజను గదిని డిటర్జెంటుతో కడిగితే, పాలలోని వెన్న వలె నూనె నీటిలో చెదరిపోయి తేలనంటుంది. రెండవ శత్రువు మనిషి. సెపరేటరును తప్పించి నేరుగా సముద్రానికి బిగించే దొంగ గొట్టాన్ని నావికులు మ్యాజిక్ పైపు అంటారు. అటువంటి నేరానికే 2016లో ప్రిన్సెస్ క్రూయిజెస్ సంస్థ అమెరికాలో 4 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకొన్నది. గుట్టు బయటపెట్టినది ఆ ఓడలో కొత్తగా చేరిన ఒక ఇంజనీరు.

మన వీధులలోని మెకానిక్ షెడ్లకు సెపరేటర్లు ఉండవు. అక్కడ కాలువలోకి పోయే నీటికి మీటరూ లేదు, అలారమూ లేదు. కనుక తీసిన ఇంజనాయిలును డబ్బాలో పట్టి ఉంచాలి. నేలమీద ఒలికినదాన్ని ముందుగా కాటన్ వేస్టుతోనో రంపపు పొట్టుతోనో ఎత్తివేయాలి. సబ్బు నీళ్లు ఆ తరువాతనే.