రెక్కల మనిషి, ఉక్కు కడ్డీ



గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని, దసరానాడు పాలపిట్ట కనిపిస్తే మేలని మనమంతా విన్నాం. ఎగిరేవాటిలో శకునం చూడటం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. ఈ రోజు అమెరికాలోని ఒక చిన్న ఊరి సంగతి చెబుతాను.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున పాయింట్ ప్లెజెంట్ అనే ఊరుంది. 1966 నవంబరు 15 రాత్రి, ఊరి బయట పాడుబడ్డ మందుగుండు కర్మాగారం ప్రాంతంలో కారులో వెళ్తున్న రెండు జంటలకు ఓ వింత ఆకారం కనిపించిందట. మనిషంత ఎత్తు, పెద్ద రెక్కలు, ఎర్రగా మెరిసే కళ్లు! పత్రికలు దానికి 'మాత్‌మ్యాన్' అని పేరు పెట్టాయి. తర్వాత మరికొందరు కూడా చూశామన్నారు. అది దారి తప్పిన శాండ్‌హిల్ క్రేన్ కావచ్చని ఒక జీవశాస్త్ర ఆచార్యుడు చెప్పారు. మన సారసపక్షి జాతిదే అది. తల మీద ఎర్రటి మచ్చ ఉంటుంది, రెక్కలు చాచితే దాదాపు రెండు మీటర్లు.

సరిగ్గా పదమూడు నెలలకు, 1967 డిసెంబరు 15 సాయంత్రం, ఆ ఊరిని ఒహాయో రాష్ట్రంతో కలిపే సిల్వర్ బ్రిడ్జి వాహనాలతో సహా నదిలో కూలింది. 46 మంది చనిపోయారు. ఆ జీవి ముందే హెచ్చరించడానికి వచ్చిందన్న మాట పుట్టింది. అయినవాళ్లు పోయినప్పుడు 'ఎందుకిలా జరిగింది?' అని అడగని మనసుండదు. అలాంటి వారిని చూసి నేను నవ్వలేను.

అదే ప్రశ్న దర్యాప్తు అధికారులూ వేసుకున్నారు. నదిలోంచి ఉక్కు తీసి, ముక్కలు పేర్చి చూశారు. 1928లో కట్టిన ఆ వంతెనను గొలుసులా అమర్చిన కడ్డీలు మోసేవి, ఒక్కో లంకెకు రెండే. అందులో ఒక కడ్డీలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులుంది. ఆ కడ్డీ తెగడంతో వంతెన మొత్తం కూలింది. ఆ కీలు విప్పితే తప్ప పగులు కంటికి కనబడేది కాదు.

కారణం తెలిశాక పని జరిగింది. అదే నమూనాలో ఎగువన సెయింట్ మేరీస్ వద్ద ఉన్న వంతెనను మూసేశారు, 1971లో కూల్చేశారు. వంతెనలను కనీసం రెండేళ్లకోసారి తనిఖీ చేయాలన్న జాతీయ ప్రమాణాలు కూడా వచ్చాయి.

మాత్‌మ్యాన్‌కు 2003లో ఆ ఊళ్లో విగ్రహం పెట్టారు. ఏటా ఉత్సవం కూడా చేస్తారు. చేసుకోనివ్వండి, కథలు ఉండాల్సిందే. మీ పిల్లలకూ చెప్పండి. చివర్లో ఆ కడ్డీ సంగతి మాత్రం మరవకండి.

త్రైమాసికం ముగింపు రోజున మీవాళ్లు లెక్క తేలక ఆలస్యంగా ఇంటికొస్తే, ఒక చిన్న పగులు వెతికి వచ్చారనుకుని కాస్త వేడి అన్నం పెట్టండి.

సెలవు.