రంగు చెవికి అందితే



వర్ణాంధత్వం అనగానే ఆ మనిషికి లోకమంతా నలుపు తెలుపుల్లో కనబడుతుందని చాలామంది అనుకుంటారు. అలాంటివారు బహు అరుదు. మనం ఎక్కువగా చూసేది ఎరుపు, ఆకుపచ్చల మధ్య తికమక. రెటీనాలో రంగుల్ని పట్టే కోన్ కణాలు 3 రకాలు. వాటిలో ఎరుపునో ఆకుపచ్చనో పట్టే రకం లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా ఈ తికమక వస్తుంది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి తాతగారి లోపం, రంగులన్నీ చక్కగా కనబడే కూతురి ద్వారా మనవడికి చేరగలదు.

ఆ మనవడు ఊరికే ఉండడు. టమాటా నొక్కి చూస్తాడు, మామిడిపండు తొడిమ దగ్గర వాసన చూస్తాడు, ట్రాఫిక్ లైటు పైన వెలిగిందా కింద వెలిగిందా గమనిస్తాడు. ఎవరూ నేర్పకుండానే వేళ్లకీ ముక్కుకీ కంటి పని కొంత అప్పజెప్పేస్తాడు. అందుకే చాలా ఇళ్లలో ఈ లోపం ఉద్యోగానికి మెడికల్ టెస్టు చేసేదాకా బయటపడదు.

ఇక రంగు అసలే తెలియనివారి సంగతి. వీళ్లకు కోన్ కణాలు దాదాపు పనిచేయవు. ఎండలో కళ్లు తెరవలేరు, చూపు మందం, కనుగుడ్లు అదురుతుంటాయి. ఈ లోపం రావాలంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. పసిఫిక్‌లోని పింగెలాప్ దీవిలో 1775 ప్రాంతంలో తుఫాను వచ్చి 20 మంది దాకా మాత్రమే మిగిలారు. వారి సంతతిలో ఇవాళ 100కి 5 నుంచి 10 మందికి ఈ లోపం ఉంది. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి: దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరికీ ఒకే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. బిడ్డ ఎండలోకి వెళ్లగానే కళ్లు చికిలిస్తూ, సాయంత్రం మాత్రం హాయిగా ఆడుకుంటుంటే ‘మొండితనం’ అని కసరకండి. కంటి డాక్టరుకు చూపించండి. ముదురు రంగు అద్దాలతో ఆ బిడ్డకు పగలు ఎంతో సుఖంగా ఉంటుంది.

నీల్ హార్బిసన్ అనే కళాకారుడు పుట్టుకతోనే అలా రంగు అసలే తెలియనివారు. కాటలోనియాలో పెరిగారు. 2003లో ఇంగ్లండ్‌లోని డార్టింగ్‌టన్‌లో సంగీతం చదువుతూ, ఆడమ్ మాంటాండన్ అనే సాంకేతికుడితో కలిసి ఒక పరికరం చేయించుకున్నారు. దాని ఇప్పటి రూపంలో, తలకు అమర్చిన యాంటెన్నా చివర నుదుటి ముందు వేలాడే చిన్న కెమెరా ఎదుటి రంగును పట్టుకుంటుంది. దాన్ని స్వరంగా మార్చి పుర్రె ఎముక ద్వారా లోపలి చెవికి పంపుతుంది. ఎరుపు మంద్రంలో వినబడుతుంది, ఊదా తారస్థాయిలో. మొదట్లో ఏ స్వరం ఏ రంగో బట్టీపట్టారు. రానురాను ఆలోచించకుండానే తెలియసాగింది. చొక్కా, ప్యాంటు, కోటు కలిసి ఏ శ్రుతిలో పలుకుతాయో విని మరీ బట్టలు ఎంచుకుంటారు.

ఆయనకు ఎరుపు ఇప్పటికీ కనబడదు. అయినా ఎరుపుకీ నీలానికీ తేడా తడుముకోకుండా చెబుతారు. నిత్యవ్యవహారంలో మనకు రంగుతో పడే పని చాలావరకు ఆ తేడాతోనే కదా! నాకు ఆయన కథలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

అందరూ తలకు యాంటెన్నా పెట్టించుకోనక్కర్లేదు. ఈ సభలో ఉపాధ్యాయులున్నారు కాబట్టి అడుగుతున్నాను: పటంలో జిల్లాలకు రంగులతోపాటు గీతలూ చుక్కలూ వేయించండి. క్రేయాన్ల మీద రంగుల పేర్లు రాయించండి. ఆకులకు గోధుమరంగు వేసిన పిల్లాడిని కొట్టకుండా, ముందు రంగుల చూపును పరీక్షించే ఇషిహారా చుక్కల పుస్తకం చూపించే డాక్టరు దగ్గరికి పంపండి.