ట్రెయినింగులో వున్న అమ్మాయి

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మీ ఇంట్లో ఇంజనీరింగు పూర్తి చేసిన ఆడపిల్ల వుందా? వుంటే ఈ మాట మీకూ ఎదురయ్యే వుంటుంది. "అమ్మాయికి ఉద్యోగం వచ్చిందటగా?" అని పేరంటంలో ఎవరో ఒకరు అడుగుతారు. "వచ్చిందండీ, ప్రస్తుతం ట్రెయినింగులో వుంది" అంటాం. "ఓహో, ట్రెయినింగా!" అని వాళ్ళు అదోలా తలాడిస్తారు. ఆ తలాడింపు నన్ను ఏడాది పాటు వేధించింది.

మాది బోయిన్‌పల్లి. నేను చదివింది పదో తరగతి. మా నాన్నగారు దాన్ని మెట్రిక్కు అనేవారు, నాకూ ఆ మాటే అలవాటైంది. అప్పుడప్పుడూ రేడియోలో వంటల గురించీ, పిల్లల పెంపకం గురించీ నాలుగు మాటలు చెబుతానే గాని యంత్రాల సంగతి నాకేం తెలుసు? మా పెద్దమ్మాయి మెకానికల్ తీసుకుంటానన్నప్పుడు "కంప్యూటర్లు తీసుకోవే, చల్లగా కూర్చుని పని చేసుకోవచ్చు" అని ఇంటిల్లిపాదీ చెప్పి చూశాం. వినలేదు. చదువు అవుతూనే ఊరి శివార్లలో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రెయినీగా తీసుకున్నారు. ఫ్యాక్టరీ పేరు చెప్పను, దానితో మనకు పని లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే నేనే తికమకపడ్డాను. ఈ ట్రెయినింగు అన్నది ఒక్క రకం కాదు. అప్రెంటిస్‌షిప్పు అని ఒకటుంది. దానికి 1961లో చేసిన చట్టం వుంది. 1973లో దాన్ని సవరించి ఇంజనీరింగు డిగ్రీ, డిప్లొమా వాళ్ళను కూడా అందులో చేర్చారు. జీతం అనరు, స్టయిపెండు అంటారు. 2019 నాటి నిబంధనల్లో డిగ్రీ వాళ్ళకు నెలకు 9,000 రూపాయలకు తగ్గకూడదన్నారు. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారం చూసే బోర్డు చెన్నైలో వుంది. అయితే శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం ఆ చట్టం యజమానికి చెప్పలేదు. రెండో రకం, కంపెనీయే ఉద్యోగానికని తీసుకుని మొదటి ఏడాది పని నేర్పటం. మా అమ్మాయిది ఈ రెండోది. పేర్లు ఒకేలా వినిపిస్తాయి గనక మీ పిల్లకు వచ్చిన ఆర్డరు కాగితం మీరే చదవండి, చదివించుకోండి. బాండు వుందా, ఎన్నేళ్ళకు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఇవన్నీ అందులోనే వుంటాయి. మావారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. నేను జీతం అంకె ఒక్కటే చదివాను.

మొదటి రోజే తగాదా. పొద్దున ఆరింటికి బస్సు. పిల్ల తయారై వచ్చి చేతిగాజులు తీసి బల్ల మీద పెట్టింది. చున్నీ లేదు. జడ చుట్టి టోపీలో దోపుకుంది. "కొత్త ఉద్యోగానికి బోసి చేతులతో వెళతావుటే?" అన్నాను. మా అత్తగారైతే లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చాక అది నెమ్మదిగా చెప్పింది. లేత్ మిషను తిరిగేటప్పుడు గాజుగాని, చున్నీ కొసగాని, వెంట్రుకగాని తగులుకుంటే మనిషినే లోపలికి లాగేస్తుందట. ఆఖరికి చేతికి గ్లవ్స్ కూడా వేసుకోకూడదట, అవీ పట్టుకుని లాగుతాయట. చెయ్యి కాపాడటానికే గ్లవ్స్ అనుకునేదాన్ని నేను! మర్నాటి నుంచి గాజులు నేనే తీసి డబ్బాలో పెట్టాను. మా అత్తగారు మాత్రం శుక్రవారాలు రాత్రి ఇంటికొచ్చాక వేయించేవారు.

ఏం పని ఇచ్చారే అని రోజూ అడిగేదాన్ని. మొదటి మూడు వారాలు ఒకే జవాబు, "ఆకురాయి." ఒక ఇనుప దిమ్మ ఇచ్చి, ఆకురాయితో రుద్ది నాలుగు పక్కలా చదును చేయమన్నారు. రుద్దటం, మూలమట్టం పెట్టి వెలుగుకు ఎత్తి చూడటం, సందులోంచి వెలుగు కనబడితే మళ్ళీ రుద్దటం. అక్కడ ముప్ఫై ఏళ్ళ బట్టి పని చేస్తున్న ఫిట్టరు ఒకాయన వున్నాడు, అందరూ ఉస్తాద్ అంటారు. చదివింది తక్కువే. మా అమ్మాయి దిమ్మను ఆయన మూడుసార్లు తిప్పి పంపాడు. అరచేతుల్లో బొబ్బలు. అన్నం కలుపుకోలేకపోతే నేను ముద్దలు పెట్టాను. నాలుగేళ్ళ చదువు, అంత ఫీజు, ఇందుకా అని నాకు దుఃఖం వచ్చింది. పక్కింటి వదినగారు "కూలి పనిలా వుందే!" అని ఊరుకోకుండా నలుగురికీ చెప్పింది.

ఆ రాత్రే మా అమ్మాయి నాకు ఎ. లలితగారి సంగతి చెప్పింది. మీలో కొందరు విని వుంటారు. మన తెలుగు ఇంటి ఆడపడుచే, 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి, పద్ధెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో నాలుగు నెలల పసిపిల్ల. తండ్రి గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పూనుకుని అదే కాలేజీలో చేర్పించాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. అప్పటికి సర్టిఫికెట్ల మీద 'అతడు' అనే అచ్చు వేసి వుండేదట, ఈవిడ కోసం దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాయవలసి వచ్చింది. మరి చదువు కాగానే ఆవిడ చేసిందేమిటి? ఎక్కడో బీహారులో వున్న జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది ప్రాక్టికల్ శిక్షణ. తరవాత సిమ్లాలో ఉద్యోగం, ఆ తరవాత కలకత్తాలో. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో ఆవిడ చెయ్యి వుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన ఆడ ఇంజనీర్ల, సైంటిస్టుల మహాసభకు కూడా వెళ్ళింది. రైలింజన్లు బాగుచేసే షెడ్లలో ఆ కాలంలో, ఆ వయసులో, ఆ పరిస్థితిలో ఒంటరిగా వుండి వచ్చిన మనిషి. నేను చేతుల బొబ్బలు చూసి ఏడుస్తుంటే మా అమ్మాయి నాకు ఆవిడ ఫొటో చూపించింది. నేనేమీ అనలేకపోయాను. పాలు కాచి ఇచ్చాను.

అసలు చెప్పదలచుకున్నది ఇంకా చెప్పలేదు. చెప్పటానికి కాస్త సిగ్గుగానే వుంది.

ఏడో నెలలో మా అమ్మాయిని తనిఖీ విభాగంలో వేశారు. తయారైన వస్తువులు కొలిచి, సరిపోయినవి ఒక పక్కా, సరిపోనివి ఒక పక్కా పెట్టటం. కొలిచే పనిముట్టు మైక్రోమీటరు. మిల్లీమీటరులో నూరో వంతు కూడా చూపిస్తుంది. ఒకరోజు అరవై పిన్నులు ఇచ్చారు. కొలిచింది, అరవైకి అరవై సరిపోయాయి, కాగితం మీద సంతకం పెట్టింది. పై ఆయనా చూసి సంతకం చేశాడు. సరిగ్గా బస్సు వేళకు తోటి ట్రెయినీ ఒకబ్బాయి అదే మైక్రోమీటరు తీసి "దీని సున్నా తప్పినట్టుందే" అన్నాడట. అంటే రెండు కొసలూ కలిపేసి, మధ్యలో ఏమీ లేనప్పుడు కూడా అది సున్నా దగ్గర నిలవటం లేదు, నూరింట మూడు వంతులు ఎక్కువ చూపిస్తోంది. అంటే మా అమ్మాయి సరిపోయిందనుకున్న పిన్నుల్లో కొన్ని నిజానికి సన్నవి. ఇంతలో హారను మోగింది. బస్సెక్కి వచ్చేసింది.

రాత్రి వంటింట్లో నాతో చెప్పింది. ఆ ఆదివారం కరీంనగర్ నుంచి సంబంధం వాళ్ళు చూడటానికి వస్తున్నారు. నేను పులుసు కలుపుతూ అన్నాను, "ట్రెయినీవే కదే. నిన్నెవరు అడుగుతారు? మీ పై ఆయన సంతకం కూడా వుందిగా. ఊరుకో, అదే సర్దుకుంటుంది. వున్న ఉద్యోగం కాస్తా పోగొట్టుకోకు." అది జవాబు చెప్పలేదు. కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచింది.

మర్నాడు మామూలుగా ఆరింటి బస్సుకే వెళ్ళింది. వెళ్ళి నేరుగా పై ఆయన దగ్గర నిలబడి చెప్పేసింది. ఆయన అందరి ఎదుటా చీవాట్లు పెట్టాడు. ముందు రోజు చేసిన సంతకం ఆయనదీ అందులో వుంది మరి, కోపం రాదూ? పిన్నులన్నీ ఆపించి మళ్ళీ కొలిపించారు. భోజనాల వేళ దాకా పట్టింది. పధ్నాలుగు పనికి రాలేదు. ట్రెయినింగు డైరీలో ఆ తేదీ కింద ఎర్ర సిరాతో రాశారు.

మధ్యాహ్నం ఉస్తాద్ మా అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టాడట. మైక్రోమీటరు రెండు కొసలూ మెత్తటి గుడ్డతో తుడిచి, మెల్లిగా కలిపి, సున్నా చూపించి, "కాటా ముల్లు చూడకుండనే తూకమేస్తరా బిడ్డా?" అన్నాడట. అంతే. ఇంకో మాట అనలేదట.

సాయంత్రం ఈ మాట మా అమ్మాయి చెబుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటారా? మా బోయిన్‌పల్లి మార్కెట్టు మీకు తెలియంది కాదు. కూరగాయల చెత్తతో కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియోలో చెప్పింది ఈ మార్కెట్టు గురించే. ఆ బయట చిల్లరగా అమ్మేవాళ్ళ దగ్గర ఇరవై ఏళ్ళుగా కూరలు కొంటున్నాను. కాటా సున్నా మీద లేకపోతే వంద గ్రాముల పచ్చిమిరపకాయలు కూడా తూయనివ్వను. వెనకటి ముల్లు కాటాలైనా అంతే, ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటాలైనా అంతే. "ముందు సున్నా చూపించు నాయనా" అంటాను. నన్ను చూడగానే కొందరు గిన్నె ఎత్తి చూపిస్తారు కూడా. పక్కనే సంచీ పట్టుకుని నిలబడి నా పిల్లలు ఇదంతా చూస్తూ పెరిగారు. అటువంటిదాన్ని, అరవై పిన్నుల దగ్గరకు వచ్చేసరికి ఊరుకోవే అన్నాను.

ఈ సంగతి మా అమ్మాయి నాకు ఎత్తి చూపలేదు. చూపితే పోట్లాడి వుండేదాన్నేమో.

ఆదివారం సంబంధం వాళ్ళు వచ్చారు. పిల్లవాడి తల్లి అడగనే అడిగింది, "ట్రెయినింగులో ఏం చేస్తుందమ్మా అమ్మాయి?" అని. నేను కాఫీ కప్పులు సర్దుతూ, ఏదో ఆఫీసు పని అని చెప్పబోయాను. మా అమ్మాయి తనే చెప్పింది, ఆకురాయి దగ్గర నుంచి పిన్నుల దాకా, ఎర్ర సిరా కూడా దాచకుండా. ఆవిడకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. పిల్లవాడు మాత్రం "మరి ఆ పధ్నాలుగు పిన్నులు ఏం చేశారు?" అని అడిగాడు. తుక్కులో వేశారని చెప్పింది. ఆ సంబంధం కుదరలేదు లెండి, జాతకాలు కలవలేదన్నారు.

ఏడాది పూర్తయి మొన్ననే ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. దానితో పాటు ట్రెయినింగు డైరీ కూడా ఇంటికి తెచ్చింది. "ఆ ఎర్ర సిరా కాగితం తీసేసి దాచుకోరాదుటే, రేపు ఎవరైనా చూస్తే?" అని మళ్ళీ నా నోరే జారింది. అది నవ్వి డైరీ తీసుకెళ్ళి మావారి పుస్తకాల పక్కన పెట్టింది. రేపటి నుంచి దానికి రెండో షిఫ్టట. రాత్రి పదకొండింటికి బస్సు మా వీధి మొగలో ఆగుతుంది. మావారూ నేనూ వంతులు వేసుకుని ఎదురువెళదామని అనుకున్నాం.