పెరటి మునగ
(మన సంఘ సమావేశమున ఒక సభ్యుడు చేసిన ప్రసంగము)



పెరటి మునగను గూర్చి రెండు మాటలు విన్నవించెదను. ఇంగ్లీషువారు దీనికి ‘హార్స్‌రాడిష్ చెట్టు’ అని పేరిడిరి. తమ దేశమున మాంసముతో నంజుకొను హార్స్‌రాడిష్ వేరునకు బదులుగా, ఇచ్చట అదే ఘాటుగల మునగవేరును తురిమి వాడుకొనిరి. మనము వారిని అనుకరింపరాదు. వేరులోను, దాని బెరడులోను హానికర పదార్థములు గలవు. మన వంటకు ఆకు, పువ్వు, కాయ చాలును.

మణికట్టు లావుగల నాలుగడుగుల కొమ్మను ఎండ తగులుచోట అడుగు లోతున నాటవలెను. నీరు నిలిచినచో వేరు కుళ్ళును. ఏటేట కాపు ముగియగానే కొమ్మలు నరికినచో కాయలు చేతికందును. కొమ్మలు పెళుసు, ‘మునగచెట్టెక్కించుట’ అను మాట ఊరక పుట్టలేదు. పిల్లలను ఎక్కనీయకుడు. వానకాలమున మొదలుపై గుంపుగూడు గొంగళిపురుగులను కనిపెట్టి తొలగింపవలెను.

ఆకులో సున్నము, ఇనుము, ఎ విటమినునకు మూలపదార్థము సమృద్ధిగా గలవు. ఆషాఢమున మునగాకు తినుట మన పెద్దల ఆచారము. తెలగపిండితో వండిన మునగాకు కూర రుచి మీకు చెప్పనక్కరలేదు.

దీనిని తమిళులు మురుంగై, కన్నడిగులు నుగ్గె, మహారాష్ట్రులు శేవగా, ఒడియావారు సజనా అందురు. ఆ పేర్లు మన పిల్లలకు వచ్చును, సంతోషమే. కాని ‘మునగ’ అను మాట ఎరుగని పిల్లలును మన ఇండ్లలో పెరుగుచున్నారు. తెలుగు తరగతి కొరకు అర్జీలు పెట్టుచునే యుందము. ఈలోపల పిల్లలచేతనే కొమ్మ నాటించి, ఆకు దూయించుచు రెమ్మ, ఈనె, బెరడు, గుజ్జు అను మాటలు నేర్పుదము.

మా చెట్టు కొమ్మలు నరకు కాలము వచ్చినది. కావలసినవారు అంగడికి దయచేసి తీసికొనిపొండు, వెల లేదు.