శిక్ష పడ్డాక కూడా హక్కులుంటాయి



న్యాయపట్టా అందుకుంటున్న పిల్లలూ, మీలో కొందరి దగ్గరికి త్వరలోనే గంజాయి కేసులో శిక్ష పడ్డవాడి తల్లో భార్యో వస్తుంది. సరుకు 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద కనీసం పదేళ్ల కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ‘మత్తు అమ్మినవాడి తరఫున వాదిస్తావా?’ అని మీ ఇంట్లోనే అడుగుతారు. మత్తు కాపురాలు కూలుస్తోంది, కాదనను. అయితే నేను చూసిన ఫైళ్లలో సరుకు యజమాని అరుదు. ఉన్నదల్లా పాడేరు, చింతపల్లి కొండల్లో కూలికి బస్తా మోసినవాడే.

1989లో చేర్చిన 32-ఎ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద పడ్డ శిక్షను నిలుపుదల చేయడం దాదాపు కుదిరేది కాదు. అప్పీలు వేసుకో, తేలేదాకా లోపలే ఉండు అన్నమాట. ఎనిమిదేళ్ల తర్వాత నిర్దోషి అని తేలితే ఆ ఎనిమిదేళ్లు ఎవరిస్తారు? 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు, శిక్షను నిలిపే అధికారాన్ని కోర్టులకు లేకుండా చేసిన ఆ భాగం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. బెయిలుకు 37వ సెక్షన్ పెట్టిన షరతులు మాత్రం అలాగే ఉన్నాయి, అవి చాలా కఠినం.

ఇక ఈ చట్టం కింద అధికారులు తీసుకునే 67వ సెక్షన్ వాంగ్మూలాలు. పేజీల కొద్దీ ఇంగ్లీషు, మధ్యలో సెక్షన్ల నంబర్లు, అడుగున ఒక వేలిముద్ర. చదవడమే రానివాడు అదంతా చెప్పాడట! ఇలాంటి ఒప్పుకోలు మీద శిక్షలు పడుతూ వచ్చాయి. 2020లో తూఫాన్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, ఆ అధికారులూ పోలీసులతో సమానమేనని, వాళ్లకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని అన్నారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్షిగా నిలబడమని ఎవర్నీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణ దానికి ఒక ఆధారం. నా దృష్టిలో మన కాలపు గొప్ప తీర్పుల్లో అదొకటి.

అందుకని ముందు రికార్డు చదవండి. శాంపిల్ మేజిస్ట్రేటు ఎదుట తీశారా, సీలు ఎవరి దగ్గరుంది, చూడండి. 50వ సెక్షన్ ఒంటి సోదాకే వర్తిస్తుంది, బస్తాకు కాదు. దాన్ని చూపి ఆ తల్లికి లేనిపోని ఆశ పెట్టకండి. తీర్పు వచ్చిన రోజు నుంచి హైకోర్టులో అప్పీలుకు 60 రోజులే గడువు. గిరిజనులకు, జైల్లో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయసహాయం చట్టమిచ్చిన హక్కు. ఆ సంగతి జైల్లో ఉన్నవాడికి మీరే వెళ్లి చెప్పండి.