ప్రొద్దు గ్రుంకక మునుపే
(పర్చూరు సంఘ కూటములో "యూదుల ధర్మశాస్త్రము – నేటి మన జీవితము" అను అంశముపై చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కూటములలో ఈ అంశము మాకు అప్పగించినప్పుడు సంఘ పెద్ద ఒకరు నవ్వుచు, "అయ్యగారూ, మనము కృపక్రింద ఉన్నవారము గదా! మోషే ధర్మశాస్త్రముతో మనకేమి పని?" అని అడిగిరి. మంచి ప్రశ్నయే. అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులపై సున్నతి భారము మోపకూడదని అపొస్తలులు యెరూషలేములో తీర్మానించిన మాట నిజము. అయితే కూలివాని కూలి, అప్పులవాని అప్పు, తూకపు రాళ్లు – వీటి సంగతి కూడ ఆ దినమే కొట్టివేయబడినదా? ఈ సాయంకాలము దానిని మీతో కలసి ఆలోచింపగోరుచున్నాము.

యూదుల ధర్మశాస్త్రము ఎక్కడనో సముద్రముల అవతలి సంగతి అని తలంపవద్దు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయిము అను తెలుగు యూదుల చిన్న సమాజమున్నది. వారు 1991లో సమాజమందిరము స్థాపించుకొనిరి. వారిలో అనేకులు మాదిగ కుటుంబములవారు, ఒకప్పుడు క్రైస్తవ సంఘములలో ఉన్నవారే, వ్యవసాయపు కూలిపై బ్రదుకువారే. శనివారమును విశ్రాంతిదినముగా ఎంచువారు. వారి విశ్వాసము మన విశ్వాసము కాకపోవచ్చును. గాని శనివారమైనను ఆదివారమైనను, కూలికి పోవు ఇంట ఒక దినము పని మానుట యనగా ఆ దినపు కూలి పోగొట్టుకొనుటయే.

మిరపకాయల కోతల కాలములో మన పేటల స్త్రీలు తెల్లవారకముందే ఆటోలెక్కి చేలకు పోవుదురు. ఆరాధనకు రాలేదని మేమును వారిని గద్దించినవారమే. అయితే విశ్రాంతిదినపు ఆజ్ఞను ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో మరల చదివినప్పుడు మా నోరు మూతపడినది. ఆ ఆజ్ఞ ఇంటి యజమానునితో మాటలాడుచున్నది. అతని దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంటనున్న పరదేశి – వీరందరు అతనివలెనే విశ్రమింపవలెనట! విశ్రాంతి యనునది బీదవాడు పస్తుండి కొనుక్కొనవలసినది కాదు, పని చేయించువాడు ఇయ్యవలసిన బాకీ. ధర్మశాస్త్రము ఇచ్చెడి చేతివైపు తిరిగి మాటలాడును. దీనిని మరువకుందము.

కూలి సంగతి చూడుడి. లేవీయకాండము 19లోను, ద్వితీయోపదేశకాండము 24లోను ఉన్న ఆజ్ఞ ఒక్కటే: ఏ దినపు కూలి ఆ దినమే ముట్టవలెను. యూదుల పెద్దలు దీనిని గూర్చి గడియలు లెక్కించి చర్చించిరి. పగలు పనిచేసినవాని కూలికి ఆ రాత్రియే గడువు, రాత్రి పనిచేసినవాని కూలికి మరునాటి పగలే గడువు అని వారి మిష్నా గ్రంథములో నిర్ణయించిరి. ఆ మాటలు ఏట్లో కలిసిపోలేదు. ఇశ్రాయేలు దేశము 1958లో చేసిన వేతన రక్షణ చట్టము, కూలి ఆలస్యము చేసిన యజమానునిపై అదనపు భారము మోపినది. ఆ ఆలస్యమునకు వారు వాడు మాటయే లేవీయకాండమునుండి వచ్చినది.

మన ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానమును తలంచుకొనుడి. చివరి గడియలో వచ్చినవానికిని సమానముగా ఇచ్చిన యజమానుని కృపను గూర్చి ఎన్నో ప్రసంగములు వింటిమి. అయితే అతడు ఆ కూలిని ఎప్పుడు ఇచ్చెను? సాయంకాలమైనప్పుడే. కృప చూపినవాడు ముందు ధర్మశాస్త్రమును నెరవేర్చెను.

ఇక మా తప్పు చెప్పుకొందము. మునుపు మేము కాపరిగా నున్న ఒక సంఘములో మందిరపు ప్రహరీగోడ కట్టించితిమి. నలుగురు స్త్రీలు ఇసుక మోసిరి. శనివారము సాయంకాలము చేతిలో డబ్బు చాలలేదు. "రేపటి కానుక లెక్కచూచి సోమవారమిత్తుము" అంటిమి. సోమవారము కోశాధికారి ఊరిలో లేడు. తుదకు పదవ దినమున ఇచ్చితిమి. వారిలో ఒకామె మన సంఘ సభ్యురాలు. ఆ నడుమ వచ్చిన ఆదివారము ఆమె కానుక సంచిలో రూపాయి బిళ్ళ వేయగా మేము చూచితిమి. అది చేబదులు తెచ్చినదని తరువాత తెలిసినది. దేవుని ఇల్లు ఆమెకు బాకీపడి యుండగా ఆమె దేవునికి కానుక వేసినది! ఆ గోడ ప్రక్కన నడచినప్పుడెల్ల యాకోబు పత్రిక 5వ అధ్యాయము మాకు జ్ఞాపకము వచ్చెడిది.

తల్మూదు గ్రంథములో ఒక కథ కలదు. రబ్బా అను పండితుని ద్రాక్షారసపు పీపాను మోతకూలీలు పగులగొట్టిరి. నష్టమునకు బదులుగా అతడు వారి పైబట్టలు లాగుకొనెను. వారు రావ్ అను గురువునొద్దకు పోయిరి. గురువు బట్టలు తిరిగి యిమ్మనెను. తరువాత కూలీలు, "దినమంతయు పనిచేసితిమి, ఆకలిగొనియున్నాము, చేతిలో ఏమియు లేదు" అనిరి. కూలి కూడ యిమ్మని గురువు చెప్పెను. "ఇదియు న్యాయమేనా?" అని పండితుడు అడుగగా, మంచివారి త్రోవ నడువగోరువానికి అదియే న్యాయమని సామెతలలోని మాట చూపెను. చట్టమునకు పైన మరియొక మెట్టు ఉన్నదని వారును ఎరుగుదురు.

అప్పుల సంగతి మన నేలకు మరింత దగ్గర. 1987-88లో తెల్లదోమ పత్తిని తినివేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖమును మన పెద్దలు కన్నులార చూచిరి. ఏడేండ్లకొకసారి అప్పు విడిచిపెట్టుమని మోషే చెప్పెను. అయితే ఏడవ సంవత్సరము దగ్గరపడగా కలిగినవారు బీదలకు అప్పిచ్చుట మానిరి. యేసు ప్రభువు కాలమునకు కొంచెము ముందున్న హిల్లేలు అను గురువు దీనిని చూచి, అప్పు పత్రమును న్యాయసభకు అప్పగించెడి ఏర్పాటు చేసెను. దానిని ప్రొజ్బూల్ అందురు. అందుచేత అప్పు రద్దు కాదు, బీదవానికి అప్పు పుట్టుట ఆగదు. ఆజ్ఞ ఎవరికొరకు పుట్టెనో వారిని అది గాయపరచకుండ అతడు కాపాడెను.

మన దేశములో 2008లోను, మన రాష్ట్రములో 2014లోను రుణమాఫీలు ప్రకటింపబడినవి. పాసుపుస్తకమున్నవారికి మేలు కలిగినది. వడ్డీవ్యాపారివద్ద అప్పు తెచ్చి, చేను కౌలుకు చేసినవానికి ఏమి దక్కినది? 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది గాని, దాని ప్రకారము కార్డు పొందుటకు భూమిగలవాని సంతకము కావలసియుండెను. హిల్లేలు అడిగిన ప్రశ్ననే మనమును అడుగవలెను: ఈ ఏర్పాటు చివరివాని చేతికి అందుచున్నదా?

ప్రియులారా, మూడు సంగతులు చెప్పి ముగించెదము. మందిరపు పనియైనను, మన ఇంటి పనియైనను, కూలి లెక్కచూచి చేత పెట్టుకొనిన తరువాతనే పనికి పిలుతము. మనలో భూమి కౌలుకిచ్చిన ఉద్యోగస్థులున్నారు, వారు కౌలుదారునికి సంతకము పెట్టుటకు వెనుదీయకుందురు గాక. పొలముగలవారు పరిగెను జ్ఞాపకముంచుకొందురు గాక. అరువదింట ఒక వంతుకు తక్కువ కాకుండ చేని మూల విడువవలెనని మిష్నా చెప్పుచున్నది. మన లెక్కలో ఎకరమునకు ఒకటిన్నర సెంటు పైచిలుకు. అంతే!

నూరేండ్ల క్రిందట సువార్త మన పేటలకు వచ్చినప్పుడు దానిని ముందుగా అందుకొన్నవారు కూలివారే. నేడు మనలో కొందరము కూలి ఇచ్చువారమైతిమి. ఇది దేవుని దీవెన. దీవెన పొందిన చేయి ప్రొద్దు గ్రుంకక మునుపే తెరువబడును గాక. ఆమేన్.